‘ఏళ్లు’ అను రూపమునకు ఏకవచనమేది?
(గణకయంత్రమును తెనుఁగు వచనపరివర్తనమును గూర్చిన విచారము)

కొల్లేటి లంకగ్రామములలో వాడుకనున్న మాటలను సేకరించి అకారాది క్రమమున నొక పట్టిక కూర్పవలెనని నాకుఁ గొన్ని యేండ్లుగా సంకల్పము గలదు. చేఁపల పేళ్లు, వలల పేళ్లు, పక్షుల పేళ్లు, పడవ పనిముట్ల పేళ్లు, నీటి పెరుగుదలను తరుగుదలను దెలుపు పలుకులు – ఇవి యెక్కువగా వృద్ధుల నోటనే నిలిచియున్నవి. కొల్లేఱు 1999లో వన్యప్రాణుల యభయారణ్యముగాఁ బ్రకటింపఁబడెను. 2002లో రామ్సార్ ఒడంబడిక ననుసరించి అంతర్జాతీయ ప్రాముఖ్యముగల జలభూమిగా గుర్తింపఁబడెను. పక్షులకును నీటికిని రక్షణోపాయము లేర్పడినవి కాని, ఆ పక్షులకు లంకలవారు పెట్టిన పేళ్లకు రక్షకు లెవ్వరును లేరు. కావున నేలూరినుండి వీలైనప్పుడెల్లఁ బోయి వ్రాసికొనివచ్చిన మాటలతో నాలుగు పుస్తకములు నిండినవి.

మా మేనల్లుఁడు గణకయంత్రవిద్య నభ్యసించినవాఁడు. ఆ పుస్తకములలోని మాటలను యంత్రమున కెక్కించి, బహువచనరూపముల నన్నిటిని ఏకవచనముగా మార్చు నొక చిన్న ప్రోగ్రాము వ్రాసెను. నిఘంటువులలో నామపదములు సాధారణముగా నేకవచనముననే యుండును గనుక, పట్టిక కూర్చుటకు మొదట జరుగవలసిన పని యిదియే. వాఁ డేర్పఱచిన సూత్ర మొక్కటియే: పదాంతమున ‘లు’ ఉన్నచో దానిని దీసివేయవలెను.

ఫలితము చూడఁగా మొదట సంతోషము కలిగినది. కొంగలు కొంగయైనది. లంకలు లంకయైనది. రొయ్యలు, జెల్లలు, వాలుగలు, పడవలు, వలలు – అన్నియుఁ జక్కఁగా నేకవచనమును బొందినవి. రెండవ పుటకు వచ్చుసరికి సంతోషము నిలువలేదు. తేలు ‘తే’ యైనది. చేతులు ‘చేతు’ అయినవి. నీళ్లు ‘నీళ్’ అయినవి. ఏలూరినుండి తూర్పునకుఁ బోవు రైలుమార్గమున తాడేపల్లిగూడెము మాత్రమే క్షేమముగా నిలిచినది. దాని కీవలనున్న భీమడోలు ‘భీమడో’ గాను, చేబ్రోలు ‘చేబ్రో’ గాను, ఆవలనున్న నిడదవోలు ‘నిడదవో’ గాను కుంటుపడినవి. నా పుస్తకముల యట్టలమీఁది ‘పంతులు’ కూడ ‘పంతు’ అయ్యెను.

‘మామయ్యా, ఇంగ్లీషు మాటలకు ఈ యుపాయమే చాలవఱకుఁ బనికివచ్చును గదా, తెలుఁగున కేల పనికిరాదు?’ అని వాఁ డడిగెను. ఆ ప్రశ్నకు నేను వెదకికొన్న సమాధానమే యీ వ్యాసము.

1. ఇంగ్లీషున జరిగిన కృషి

ఇంగ్లీషున బహువచనమునకు సామాన్యచిహ్నము ‘యస్’ అను నక్షరము. దానిని దొలఁగించినచోఁ బెక్కు పదము లేకవచనము లగును. అయినను ‘బస్’, ‘లెన్స్’, ‘న్యూస్’ అను పదములు ఆ యక్షరముతోనే ముగియుచు బహువచనములు కాకున్నవి. మన ‘తేలు’ వంటివే యవి. ‘మెన్’, ‘మైస్’, ‘చిల్డ్రన్’ అనువానిలో ఆ యక్షరము లేకున్నను బహువచనత్వము కలదు.

ఈ చిక్కును విప్పుటకు మూఁడు విధములైన ప్రయత్నములు జరిగినవి. మొదటిది 1980లో మార్టిన్ పోర్టర్ ప్రకటించిన ప్రత్యయలోపవిధానము. ఇందుఁ దుదనున్న జంట ‘యస్’ నిలుచును. ఒంటరి ‘యస్’ లోపించును. మఱి కొన్ని మార్పులు జరుగును. ఇట్లు మిగిలిన రూపము నిజమైన మాట కాకపోవచ్చును. పోర్టరునకు దానితోఁ బనిలేదు. ఒకే మాటయొక్క వివిధరూపములు ఒక్క గుర్తుక్రిందికి వచ్చి, గ్రంథములను వెదకుట సులభమైనఁ జాలునని యాయన యుద్దేశము. వెదకుటకుఁ బనికివచ్చు గుర్తు వేఱు, నిఘంటువున కెక్కఁదగిన ప్రాతిపదిక వేఱు. మా మేనల్లుని మొదటి ప్రమాద మీ రెంటిని నొక్కటిగాఁ దలఁచుటయే.

రెండవది ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయమువారి ‘వర్డ్‌నెట్’ అను పదకోశమున నున్న విధానము. అది మొదట అపవాదపదముల పట్టికను జూచును. అందు లేకున్న ప్రత్యయమును దొలఁగించు సూత్రములను వర్తింపఁజేయును. వచ్చిన రూపము కోశమునఁ గలదా యని పరీక్షించి, కలదేని మాత్రమే స్వీకరించును. కోశమే దాని కాధారము.

మూఁడవది 2004లో వెలువడిన ‘రూబీ ఆన్ రెయిల్స్’ అను ఉపకరణసమూహములోనిది. ఇందు సమాచారపట్టికల పేళ్లు బహువచనముననుండును. వానితో వ్యవహరించు ప్రోగ్రాముభాగముల పేళ్లేకవచనముననుండును. ఒకదానినుండి యొకదానిని యంత్రమే కల్పించుకొనును. సూత్రముల వరుసలోఁ దరువాతఁ జేర్చినది మొదటఁ బరీక్షింపఁబడును. సామాన్యసూత్రములు ముందును, విశేషసూత్రములు వెనుకను జేర్పఁబడుటచే విశేషమే గెలుచును. రెండు విధులకు విరోధము వచ్చినప్పుడు పరసూత్రము బలీయమని పాణిని యేర్పఱచిన వ్యవస్థ నెఱిఁగినవారికి ఇది క్రొత్త కాదు. ఉత్సర్గమును అపవాదము బాధించుననుట మన శాస్త్రమునకుఁ బ్రాణమే. ఆ ప్రోగ్రాములో వచనభేదము లేని పదముల పట్టిక యొకటి కలదు. అందు ఇంగ్లీషువారి బియ్యము, చేఁప రెండును గలవు. కొల్లేటి ప్రాంతపు జీవనాధారములు రెండును ఆ పట్టికలో నుండుట చూచి నాకు నవ్వువచ్చినది. మనకో, చేఁపకు చేఁపలు గలవు. బియ్యమునకు మాత్రము బహువచనము లేదు.

2. తెనుఁగున అనులోమమార్గము

ఏకవచనమునుండి బహువచనమును సాధించుటను అనులోమమనియు, బహువచనమునుండి యేకవచనమును బట్టుటను ప్రతిలోమమనియు నిందు వ్యవహరింతును. పరవస్తు చిన్నయసూరి 1858లోఁ బ్రకటించిన బాలవ్యాకరణము అనులోమమార్గమును సమగ్రముగాఁ జెప్పినది. దాని సారము నుదాహరణములతోఁ జూపుదును.

‘లు’ సామాన్యప్రత్యయము. ఇకారాంతములు ‘లు’ పరమగునపుడు ఉకారాంతములగును: పక్షి–పక్షులు, పిల్లి–పిల్లులు, కవి–కవులు. మహద్వాచకములలోని ‘డు’ లోపించును: తమ్ముఁడు–తమ్ములు. ‘ట్టు’ అను జంటలో నొకటి తగ్గును: గట్టు–గట్లు, చెట్టు–చెట్లు. డకార లకార రేఫలు ‘లు’తోఁ గలసి ‘ళ్లు’ అగును: కోడి–కోళ్లు, కాలు–కాళ్లు, ఊరు–ఊళ్లు. బిందువు ముందున్న డకారముగలవియు, ఇల్లు, ముల్లు మున్నగునవియు ‘ండ్లు’ అగును: బండి–బండ్లు, ఇల్లు–ఇండ్లు. చేయి–చేతులు, నూయి–నూతులు, గోయి–గోతులు అనునవి వేఱొక వర్గము. కొలనునకు కొలనులనియుఁ గొలఁకులనియు రెండు రూపములు. ‘ము’ తుదిగాఁ గలవి యథాస్థితినుండవచ్చును. ‘ము’ లోపించి పూర్వస్వరము దీర్ఘము గావచ్చును: వజ్రములు–వజ్రాలు, గూడెములు–గూడేలు.

ఇవి నాలుగైదు పంక్తులలోఁ జెప్పఁగలిగిన సంగతులు. కోశముండి, ప్రతిపదమునకును వర్గము నిర్ణయింపఁబడియున్నచో యంత్రము వీనిని దప్పులేక నెఱవేర్చును. వ్యాకరణశాస్త్ర మంతయు నీ దిక్కుననే నడచును. ప్రకృతినుండి పదమునకుఁ బోవును. పదమునుండి ప్రకృతికి దిగుమార్గమును సూత్రకారులు ప్రత్యేకముగాఁ జెప్పరు. చదువరికి భాష వచ్చుననియు, దిగుట వానికిఁ దెలియుననియు వారి నమ్మకము. యంత్రమునకు భాష రాదు.

3. ప్రతిలోమమునఁ గలుగు ప్రమాదములు

మొదటి ప్రమాదము ‘లు’ తుదిగాఁ గల యేకవచనములది. కాలు, వేలు, తేలు, రోలు, డోలు, మేలు, కోడలు, మఱదలు – వీనిలోని ‘లు’ వచనప్రత్యయము కాదు, పదశరీరమే. ‘ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగము’ అను సామెతలో మొదటి రెండు నామములును ‘లు’ తుదిగలవే, రెండును ఏకవచనములే. దీర్ఘసూత్రమును వెనుకకుఁ ద్రిప్పి ‘ాలు’ అను దానిని ‘ము’ చేసినచో వజ్రాలు వజ్రమగును గాని, కాలు ‘కము’ అగును. ‘ేలు’ అను దానిని ‘ెము’ చేసినచో గూడేలు గూడెమగును గాని, తేలు ‘తెము’ అగును. ఇఁక ‘వేలు’ అను రూపము వ్రేలికిఁ జెందినచో నేకవచనము. వేయికిఁ జెందినచో బహువచనము.

రెండవది నిత్యబహువచనములది. పాలు, నీళ్లు, వడ్లు అనువానిని ఒంటిగాఁ జేయఁబూనుట వ్యర్థము. నీళ్లకు నీరు కలదు గాని అది రాశి. ఒక నీళ్లకు ఒక నీరు కాదు. పాలకు ఏకవచనమే లేదు. భాగవాచకమైన ‘పాలు’ మాత్రము ఏకవచనమై ‘పాళ్లు’ అను బహువచనమును బొందును. ఒక్క రూపము క్షీరమైనచోఁ బహువచనము, భాగమైనచో నేకవచనము!

మూఁడవది పూజార్థకములది. పంతులు, గారు, వారు – వీని రూపము బహువచనము, అర్థమేకము. శ్రీరాములు, ఆంజనేయులు, వేంకటేశ్వర్లు అను పేళ్లు గౌరవముచే బహువచనములై సంజ్ఞలుగా స్థిరపడినవి. 1952లో ఆంధ్రరాష్ట్రమునకై నిరశనముచేసి ప్రాణములర్పించిన పొట్టి శ్రీరాములుగారి పేరును యంత్రము ‘శ్రీరాముఁడు’గా మార్చినచో, వ్యాకరణము నిలిచి చరిత్ర చెడును. అందుచేత సంజ్ఞలను ముందుగా వేఱుచేయక వచనసూత్రమును జేతఁబట్టరాదు.

నాలుగవది అన్యదేశ్యములది. ఇంగ్లీషున బహువచనమైన ‘ఫీస్’ అను మాట మనకు ‘ఫీజు’ అను ఏకవచనమై వచ్చినది. దానికి మరల ‘ఫీజులు’ అను బహువచనము పుట్టినది. పాఠశాలలోని ‘మార్కులు’ తిన్నఁగా ‘మార్కు’నకు ‘లు’ చేరిన రూపము. భోజనశాలలో ‘ఒక మీల్స్’ అని యడుగువాఁడు బహువచనమును గోరుటలేదు. ఒక భాషలోని వచనచిహ్నము ఇంకొక భాషకు వచ్చినప్పుడు ప్రాతిపదికాంశమే యగును. కావున నింగ్లీషు సూత్రములనైన నీ మాటలకు వర్తింపఁజేయరాదు.

ఇవన్నియుఁ బట్టికలచేఁ దీరఁదగిన చిక్కులు. వెయ్యి మాటలైనను రెండువేల మాటలైనను ఓపికతో వ్రాసి యంత్రమున కొసఁగవచ్చును. పట్టికకు లొంగని చిక్కు వేఱొకటి కలదు.

4. ఏళ్లు, తాళ్లు, పళ్లు

నా పుస్తకములలో ‘ఏళ్లు’ అను మాట రెండుచోట్లఁ గలదు. ఒక వృద్ధుఁడు ‘పెద్దగాలివాన వచ్చి చాలా ఏళ్లయింది’ అనెను. వేఱొకఁడు ‘ఏళ్లు పొంగితే కొల్లేరు నిండుతుంది’ అనెను. మొదటిదానికి ఏకవచనము ఏఁడు, అనఁగా సంవత్సరము. రెండవదానికి ఏఱు, అనఁగా ప్రవాహము. తమ్మిలేఱు, బుడమేఱు వంటివి కొల్లేటిలోఁ గలియును, ఉప్పుటేఱు దాని నీటిని సముద్రమునకుఁ గొనిపోవును. యంత్ర మీ రెంటిలో దేనిని గ్రహింపవలెను? కోశమునఁ బరీక్షించినను రెండును గలవు. వర్డ్‌నెట్ మార్గ మిక్కడ నాఁగిపోవును.

ఇట్టివే మఱికొన్ని గలవు. తాళ్లు అనఁగా పడవను గట్టు త్రాళ్లా, గట్టుమీఁది తాడిచెట్లా? బళ్లు అనఁగా చదువు చెప్పు బడులా, ధాన్యమును మోయు బండ్లా? గుళ్లు అనఁగా దేవుని గుడులా, తుపాకి గుండ్లా? వేళ్లు చేతివా, చెట్టువా? పళ్లు చెట్టుననున్నవా, నోటనున్నవా?

ఈ యాఱింటిని వరుసగా వ్రాసి, ప్రక్కనే పూర్వపు ముద్రణములలోని వర్ణక్రమమును వ్రాసి చూచితిని. అప్పుడు నాకుఁ దోఁచిన సంగతి యీ వ్యాసమునకు ముఖ్యము. సంవత్సరములు ‘ఏండ్లు’, ప్రవాహములు ‘ఏళ్లు’ లేక ‘ఏఱులు’. రజ్జువులు ‘త్రాళ్లు’, తాలవృక్షములు ‘తాళ్లు’. శకటములు ‘బండ్లు’, పాఠశాలలు ‘బళ్లు’. గోళములు ‘గుండ్లు’, దేవాలయములు ‘గుళ్లు’. అంగుళులు ‘వ్రేళ్లు’, మూలములు ‘వేళ్లు’. ఆఱింటిలో నైదు జంటలు పూర్వలేఖనమున విడివిడిగానున్నవి. ఫలములును దంతములును మాత్రమే ‘పండ్లు’ అను నొక్క రూపమునఁ గలసియున్నవి. పండునకును పన్నునకును సూత్రబలముననే యొక్క రూపము సిద్ధించుట దీనికిఁ గారణము.

అనఁగా నేఁటి వ్రాతలో మనము ‘వ్రే’లోని రేఫమును, ‘ండ్లు’లోని బిందువును విడిచినప్పుడు పలుకు తేలికయైనది, కాని యేకవచనమునకుఁ దిరిగిపోవు దారిగుర్తులు చెఱిగినవి. పూర్వలేఖనమును మరల పాఠశాలలలోఁ బ్రవేశపెట్టవలెనని నేను వాదించుటలేదు. లంకలవారు ‘తాళ్లు’ అనియే యందురు. వారి పలుకును ‘త్రాళ్లు’ అని వ్రాసికొన్నచో నా సేకరణము నిజము కాదు. నేను చెప్పున దొక్కటియే: పాతగ్రంథములను యంత్రమున కెక్కించునపుడు ‘చదువుటకు సులువుగా’ అని వర్ణక్రమమును మార్పరాదు. అట్లు మార్చుట యంత్రము తనంతఁ దాను దెలిసికొనఁగల సంగతిని మనచేతులతోఁ దుడిచివేయుటయే. అట్టి సవరణ జరిగిన యొక పాతవాచకపు ప్రతిని నేను చూచితిని. అందు ‘ఏండ్లు’ అన్నియు ‘ఏళ్లు’గా మార్పఁబడియుండెను. మూలప్రతి దొరకనిచో ఆ రూపమునుండి వెనుకకుఁ బోవు మార్గము లేదు.

ఇంగ్లీషునను ఇట్టి సందేహములు లేకపోలేదు. ‘లీవ్స్’ అను రూపము ఆకునకును జెల్లును, సెలవునకును జెల్లును. ‘యాక్సెస్’ అని వ్రాయఁబడు రూపము గొడ్డలికిని అక్షమునకును సమానము. అయినను అక్కడ నట్టివి విరళములు. మనకు ‘ళ్లు’ అను నొక్క ముగింపుక్రింద డకార లకార రేఫాంతములు, బిందుపూర్వకములు అన్నియు వచ్చి చేరినవి. మేనల్లుని ప్రశ్నకు సమాధాన మిదియే. ఇంగ్లీషు ప్రత్యయము ప్రకృతిప్రక్కన నిలుచును. తెనుఁగు ప్రత్యయము ప్రకృతిలోఁ గలసిపోవును.

5. చేయఁదగిన పద్ధతి

ఇది యసాధ్యమైన పని కాదు. హైదరాబాదు విశ్వవిద్యాలయమునను, అక్కడి యంతర్జాతీయ సమాచారసాంకేతిక విద్యాసంస్థయందును దెలుఁగు పదవిశ్లేషణమునకై చిరకాలముగాఁ గృషి జరిగినది. అక్షరభారతి, వినీత్ చైతన్య, రాజీవ్ సంగల్ పేళ్లతో 1995లో వెలువడిన గ్రంథము భారతీయభాషలను యంత్రమునకుఁ దెలుపుటకుఁ బాణినీయదృష్టి యెట్లు తోడ్పడునో వివరించినది. పదమును జూచి ప్రత్యయమును గోయుటకంటె, ప్రతి ప్రాతిపదికను ఒక వర్గమునఁ జేర్చి, వర్గమునకొక రూపావళి నేర్పఱచుట యిట్టి కృషికి మూలము. మన ‘రామశబ్దమువలె’ అను వాడుక యిదియే గదా.

ఈ మార్గమునే యనుసరించి మేమిరువురమును ప్రోగ్రామును దిద్దితిమి. క్రమ మిది. మొదట విభక్తిని వేఱుచేయవలెను. ‘లంకలలో’ అనుదానినుండి లంకలను బట్టినపిమ్మటనే వచనవిచారము. రెండవది, సంజ్ఞలను, ‘లు’ తుదిగల యేకవచనములను, నిత్యబహువచనములను పట్టికలచే రక్షింపవలెను. మూఁడవది, చేతులు, నూతులు మున్నగు విశేషములను జూడవలెను. నాలుగవది, మిగిలినవానికి సాధ్యమైన యేకవచనముల నన్నిటిని గల్పించి, ఒక్కొక్కదానిని మరల అనులోమముగా బహువచనముచేసి, మొదటి రూపమే వచ్చినదా యని చూడవలెను. ‘పక్షులు’నకు ‘పక్షి’, ‘పక్షు’ రెండును గల్పితములైనను, రెండవది కోశమున లేమిచేఁ దొలఁగును. అయిదవది, రెండు రూపములు పరీక్షకు నిలిచినచో రెంటిని నిలుపవలెను.

ఈ కడపటి నియమమున మాకు వాదము జరిగినది. ‘యంత్ర మేదో యొకటి చెప్పవలెను గదా, మామయ్యా, వాక్యములోని తోడిపదములనుబట్టి యేది తఱచో లెక్కించి దానిని జెప్పవచ్చును’ అని వాఁ డనెను. అది నిజమే. సంఖ్యావాచకము ముందున్నచో ‘ఏళ్లు’ సంవత్సరము లగుటయు, ‘పొంగు’ అను ధాతువు తరువాత నున్నచో ప్రవాహము లగుటయు సంభావ్యము. నేఁటి భాషాయంత్రము లపారమైన వాక్యరాశినుండి యిట్టి సంబంధములను నేర్చుకొనుచున్నవి. కాని ‘రెండు ఏళ్లు దాటి వచ్చాము’ అనినచో? కాలమును దాటిరా, నీటిని దాటిరా? తఱచైనది యెల్లప్పుడు సరియైనది కాదు. విరళమైన మాటను రక్షించుటకే మనము పట్టిక కూర్చుచున్నాము. ప్రవాహార్థకమైన ఏఱు నేఁటి వ్రాతలో సంవత్సరముకంటె నరుదు గనుక, తఱచును నమ్మిన యంత్రము ఏళ్లన్నిటిని ఏఁడులనే చేయును. అప్పుడు కొల్లేటిపట్టికలో ఏఱే యుండదు. సందేహము గలచోట సందేహమును జూపుటయే శాస్త్రము. దానిని మఱుఁగుపఱచి యొక నిర్ణయమును జెప్పుట శాస్త్రము కాదు.

6. ఉపసంహారము

వాఁ డొప్పుకొనెను. ఇప్పుడు మా పట్టికలో ‘ఏళ్లు’ అను మాటక్రింద రెండు దారులున్నవి. ‘తే’, ‘చేతు’, ‘నిడదవో’ అను వింతరూపములను దీసివేసితిమి. అయినను వానిని బూర్తిగా మఱవవద్దని యొక కాగితమున వ్రాసి యుంచితిని. కోశమున కెక్కిన యపశబ్దము కోశమునుండి కోశమునకుఁ బ్రాకును. పండితుఁడు చేసిన తప్పు నొకరిద్దఱు నమ్ముదురు, యంత్రము చేసిన తప్పును యంత్రములన్నియు నమ్మును.

పాఠశాలలలోని పండితులకు నా మనవి యొకటి కలదు. తాళ్లు, బళ్లు వంటి జంటలు ఈ యాఱే యని నేను దలఁపను. తమ ప్రాంతమున రెండు ప్రకృతులొక్క బహువచనమునఁ గలసిన మాట వినఁబడినచో, వాక్యముతోఁ గూడ వ్రాసికొని ఈ పత్రికకుఁ బంపఁగోరెదను. మాట యొక్కటియే పంపినచోఁ జాలదు. దాని చుట్టునున్న వాక్యమే దాని యేకవచనము.